మ్యాపుతో సహా

హోబార్ట్
రెండో నెల 11, 1972

తమ్ముడూ ఆంబ్రోస్,

నీ ఉత్తరం అందింది. నాన్న బీరువాలోని ఆర్కెల్ ప్రయాణ దినచర్యకి కొనే మనిషి దొరికాడనీ, పంపేముందు ఒక్కో ఆకూ సరిచూడమనీ రాశావు. చూశాను. మూడు సాయంత్రాలు పట్టింది.

ముందు పుటలు పద్నాలుగు. దినచర్య మూడు వందల పన్నెండు పుటలు. బొమ్మలు నాలుగు. తప్పొప్పుల పట్టిక ఉంది. చివర మడత మ్యాపు ఉంది. 1823లో లండన్‌లో అచ్చయిన తొలి ముద్రణే. నాన్న పోయాక ఈ రెండేళ్ళలో పురుగు పట్టలేదు, ఎండ తగల్లేదు.

ఒక్క సంగతి. మ్యాపుకి కింది కుడిమూల నీటి మరక ఉంది. అరచేయంత ఉంటుంది, అంచు గోధుమరంగు. దాని ముందు ఆకుకి ఆ మరక లేదు. వెనక అట్టకీ లేదు. నీళ్ళు ఒక్క ఆకుని తడిపి పక్కదాన్ని వదిలిపెట్టవు.

ఆ పుస్తకానికి మ్యాపు లేదని నాన్న ఏళ్ళ తరబడి బాధపడితే నువ్వే తెచ్చిచ్చావు. ముప్పై ఏడేళ్ళు కావస్తోంది. లాన్సెస్టన్‌లో కొన్నానన్నావు. ఏ దుకాణమో గుర్తుంటే రాయి.

నేరేడు రంగు ప్లమ్ పళ్ళు ఈ ఏడు బాగా కాశాయి. నీకు రెండు సీసాల జామ్ తీసి ఉంచాను.

మీ అక్క
హెస్టర్


మెల్‌బోర్న్
ఫిబ్రవరి 17, 1972

పెద్దక్కా,

రెండో నెల పదకొండట! నెలలకి అన్యదేవతల పేర్లున్నాయని మన తాతలు అంకెలతో రాశారంటే అర్థముంది. మౌనమే ప్రార్థన అనుకునే మన క్వేకర్లలో కూడా ఇప్పుడెవరూ అలా రాయరు, నువ్వు తప్ప. నేను మాత్రం ఫిబ్రవరి అనే అంటాను. మందిరంలో నా గురించి ప్రార్థించేటప్పుడు ఇది కూడా కలుపుకో.

మరకదేముందే! పుస్తకాల వ్యాపారంలో మరకలు లేని మ్యాపు చూపించు, నా టోపీ నీకిస్తా. వీధి చివర పాత సామాన్ల కొట్టు అది, లాన్సెస్టన్ రేవు దగ్గర. ముసలాయనెవరో అమ్మాడు. కొట్టూ లేదు, ముసలాయనా లేడు. మ్యాపు విడిగా ఎక్కడో నానింది, అంతే. నా దగ్గరికి వచ్చాక గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి తీస్తాను. చూసినవాడు నిన్న అచ్చయిందనుకోవాలి.

కొనేది ఎవరో చెప్పలేదు కదూ. కిన్నేర్డ్ గారని, పశ్చిమాన పెద్ద గొర్రెల ఆసామి. ఈ ఖండానికి ఓడలొచ్చిన మొదటి నలభై ఏళ్ళలో అచ్చయిన ప్రయాణ దినచర్యలు, కొత్త వలసల కథనాలు, అన్నీ తొలి ముద్రణలే, ఆయన ఇంట్లో గోడ నిండా ఉన్నాయి. ఆర్కెల్ ఒక్కటే లేదు. మ్యాపు లేనిది ఇస్తానంటే కన్నెత్తి కూడా చూడడు. ఎందుకో నీకు తెలుసు. నది పొడవునా ఆర్కెల్ లెక్కపెట్టి గీసిన నలభై మూడు ఆదివాసీ గుడిసెలు ఆ మ్యాపులోనే ఉన్నాయి. రెండో ముద్రణకి వచ్చేసరికి చెరిపేశారు. అక్కడ మనుషులున్నారంటే భూమి ఎవరు కొంటారు? గుడిసెలున్న మ్యాపులు లోకం మొత్తం మీద ఐదో ఆరో మిగిలాయి.

ఇది ఆయన చేతిలో పెడితే ఆయన గోడంతా పట్టిక రాసే పని నాకిస్తానన్నాడు. పదేళ్ళ పని. పెట్టకపోతే జూన్‌తో దుకాణానికి తాళం వేసి, నీ జామ్ నాకుతూ కూర్చుంటా. కొత్త కేటలాగులో మొదటి అంశంగా అచ్చుకిచ్చేశాను కూడా: ‘ఆర్కెల్, తొలి ముద్రణ, మ్యాపుతో సహా, సంపూర్ణ ప్రతి.’

రెండు పొరల కాగితం చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పోస్టాఫీసులో రసీదు తీసుకో. ఆలస్యం చెయ్యకు, నా బంగారు అక్కవి కదూ.

ఆంబ్రోస్


హోబార్ట్
మూడో నెల 6

తమ్ముడూ,

పుస్తకం పంపలేదు.

నిన్న ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి మందిరం గ్రంథాలయం తెరిచాను. అక్కడి ఆర్కెల్ ప్రతి కిందికి దించాను. దానికి మ్యాపు లేదని నీకు తెలుసు, హోబార్ట్ క్వేకర్లందరికీ తెలుసు. ఎప్పుడో కప్పు కారి ఆ అర తడిసిందట. ఆ పుస్తకంలో రెండు వందో పుట నుంచి చివరి అట్ట దాకా కింది కుడిమూల నీటి మరక ఉంది. అరచేయంత, అంచు గోధుమరంగు.

మన మ్యాపు పట్టుకెళ్ళాను. పుస్తకంలో దాని చోట పెట్టాను. ముందు ఆకు మరక, మ్యాపు మరక, వెనక అట్ట మరక ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. లోపలి అంచున మిగిలిపోయిన పీలిక కూడా సరిపోయింది.

ఇంకొకటి చూశాను. దాని గురించి ఇప్పుడు రాయను.

సైలస్ వేక్లిన్ గారు నీకు గుర్తుండే ఉంటారు. గ్రంథాలయం తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. 1935లో మ్యాపు పోయిందని తెలిశాక ఆ తాళంచెవి ఆయన దగ్గర నుంచి తీసుకున్నారు. ఆయన మళ్ళీ మందిరానికి రాలేదు. తొమ్మిదేళ్ళకి పోయారు. తీసుకున్న ఆ తాళంచెవి ఆ ఏడే నాకిచ్చారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇది మన వస్తువు కాదు. అమ్మడానికి వీల్లేదు.

హెస్టర్


మెల్‌బోర్న్
మార్చి 13, 1972

హెస్టర్,

కేటలాగు మూడు వందల మందికి పోస్టులో వెళ్ళింది. కిన్నేర్డ్ గారు రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నారు. నువ్వేమో మరకలు కొలుచుకుంటూ కూర్చున్నావు.

సరే, నువ్వన్నదే నిజమనుకుందాం. అది మందిరం మ్యాపే. అయితే ఏమైంది? లెక్క ఇంకా తేలిగ్గా తేలింది. సైలస్ గారు తీశారు, లాన్సెస్టన్ కొట్టులో అమ్ముకున్నారు, ఏమీ ఎరగని నేను కొన్నాను. ఆయన తీశారనే కదా అప్పుడూ అందరూ అనుకున్నది? పోయినవాళ్ళని లేపి కూర్చోబెట్టి ఇప్పుడు ఎవరికి మేలు చేస్తావు?

నాన్న నలభై ఏళ్ళు కూర్చిన బీరువా అది. సగం జీతం, కళ్ళు రెండూ దానికే పోశాడు. అందులో దొంగసొత్తు ఉందని ఊరంతా చెప్పుకోవాలా? చిన్నక్క లిడియా కూడా వింటే నీ మాట ఒప్పుకోదు. ఆవిడకి రాయమంటావా?

పుస్తకం పంపు.

ఆంబ్రోస్ రేనర్


హోబార్ట్
నాలుగో నెల 18

తమ్ముడూ,

లిడియాకి రాయి. నాకేమీ అభ్యంతరం లేదు.

శనివారం బస్సెక్కి ఫ్రాంక్లిన్ వెళ్ళాను. సైలస్ గారి అమ్మాయి ఏడా అక్కడ ఆపిల్ తోట చేసుకుంటోంది. పెళ్ళి చేసుకోలేదు. ఆఖరి కోత నడుస్తోంది. షెడ్డులో పళ్ళు ఏరుతూ తలెత్తి నన్ను చూసింది.

“ఏమ్మా హెస్టర్! దారి తప్పావా?”

“తప్పలేదు. దారి అడిగి వచ్చాను.”

“అబ్బో! మీ వాళ్ళు అడగడం కూడా నేర్చుకున్నారన్నమాట. కూర్చో. ఆ బుట్ట మీద కాదు, అది పోటీకి వెళ్ళే సరుకు.”

కూర్చున్నాను. ఆమె చేతులు ఆగలేదు. దెబ్బతిన్న పండు ఒకవైపు, మంచిది ఒకవైపు. మీ నాన్నగారి గురించి వినడానికి వచ్చానన్నాను.

“ఏం వింటావు? ముగ్గురొచ్చారు మా ఇంటికి. మీ నాన్న ఒకడు. టోపీలు ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నారు. వాళ్ళు అడుగుతారని మా నాన్న చూశాడు. ఆయనే చెప్తాడని వాళ్ళు చూశారు. అరగంట! నలుగురూ నలుగురే, ఒకళ్ళని మించిన భక్తులు ఒకళ్ళు. గోడ మీద గడియారమే మాట్లాడింది. మా అమ్మ నీళ్ళు మూడుసార్లు కాచింది. టీ తాగారు. స్కోన్ రొట్టెలు బాగున్నాయన్నారు. వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం తాళంచెవి తీసేసుకున్నారు.”

“ఆయన కాదని చెప్పలేదా?”

“ఎవరికి చెప్తాడు? ఎవరైనా అడిగితే కదా! ‘సైలస్, నువ్వు తీశావా?’ అని ఒక్క మాట అడిగుంటే ‘లేదు’ అనేవాడు. ఒట్టు కూడా అక్కర్లేదు మనవాళ్ళకి. అడగని నేరానికి నేను కాదు నేను కాదని చెప్పుకు తిరగడం నామోషీ ఆయనకి. ఆయన నోరు మూసుకున్నాడని, తప్పు ఒప్పుకున్నాడనుకున్నారు వీళ్ళు. మౌనంగా ఉంటే దేవుడు పలుకుతాడంటారే మీరు? ఆ రోజు మా వంటింట్లో ఎవరూ పలకలేదు.” పండు ఒకటి అటూ ఇటూ తిప్పి చూసింది. “తాళంచెవి ఎవరికిచ్చారో నీకు తెలుసుగా?”

అది నా సంచిలోనే ఉంది.

మ్యాపు దొరికిందని చెప్పి, నెలసభ ఒక్కో ఊళ్ళో తిరుగుతుంది, మన మందిరం వంతు పదో నెల పదిహేనున, అప్పటిదాకా ఓపిక పట్టమన్నాను. “ముప్పై ఏడేళ్ళు పట్టాను, ఆరు నెలలొక లెక్కా?” అంది. బస్సు దగ్గర నా చేతిలో ఒక సంచీ ఆపిళ్ళు పెట్టి, “దెబ్బతిన్నవే. మంచివి మీకివ్వను” అంది. ఇంటికొచ్చి చూశాను. ఒక్కదానికీ దెబ్బ లేదు.

ఆంబ్రోస్, వాళ్ళు సైలస్ గారిని అడగలేదు. నేను నిన్ను అడుగుతున్నాను.

ఆ మ్యాపు నీకెక్కడిది?

హెస్టర్


మెల్‌బోర్న్
మే 9, 1972

అక్కా,

ఇక్కడ వారం రోజులుగా వాన. దుకాణం వెనక గది కారుతోంది, పుస్తకాలు సర్దడంతోనే సరిపోతోంది. నీ ఆరోగ్యం జాగ్రత్త. తీరిక చూసుకుని రాస్తాను.

ఆంబ్రోస్


హోబార్ట్
ఆరో నెల 2

తమ్ముడూ,

నీ ఉత్తరంలో వాన సంగతి ఉంది. నేనడిగింది వాన గురించి కాదు.

పొద్దున్నే పొయ్యి అంటించి, నీ పేరు తలుచుకుని కాసేపు కూర్చుంటున్నాను. నిన్ను మందలించడానికి కాదు. నీకు తోడుగా.

హెస్టర్


మెల్‌బోర్న్
జూలై 4, 1972

పెద్దక్కా,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది. చించకుండానే పోస్టు చేస్తాను.

నేనే తీశాను.

లాన్సెస్టన్‌లో కొట్టు లేదు, ముసలాయన లేడు. అప్పుడు నేను బైండింగు పనిలో చేరి ఏడాదయింది. దొంగలు పుస్తకాల్లోంచి ఆకులెలా తీస్తారో మా యజమాని ఒకరోజు నవ్వుతూ చెప్పాడు. తడి ఊలు దారం ఆకు మొదట్లో పెట్టి, పుస్తకం మూసి, బరువు పెట్టాలి. అరగంటలో కాగితం నాని మెత్తబడుతుంది. లాగితే చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. కత్తి అక్కర్లేదు.

ప్రతి ఆదివారం భోజనాల దగ్గర నాన్న అనే మాట నీకు గుర్తుందా? “ఒక్క ఆ మ్యాపుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు నాకు.” రొట్టె కోస్తూ అనేవాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండేవాణ్ణి. పదిహేడేళ్ళవాణ్ణి. నేనున్నానని ఆయన చూసిన రోజు ఒక్కటి గుర్తులేదు నాకు. మందిరంలోనేమో ఆ మ్యాపు ఉన్న పుస్తకాన్ని ఏడాదికి ఒకళ్ళు కూడా తెరిచేవాళ్ళు కాదు.

నీ అల్లిక బుట్టలోంచి జానెడు దారం కత్తిరించాను. ప్రార్థన మొదలయ్యే ముందు గ్రంథాలయంలోకి దూరి ఆ దారం పెట్టాను. గంటసేపు అందరితో కలిసి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అంత మౌనంలో నాకు వినిపించింది ఒకటే, కాగితం నానుతున్న చప్పుడు. నానడానికి చప్పుడుండదని నాకూ తెలుసు. అందరూ టీ దగ్గరున్నప్పుడు వెళ్ళి లాగాను.

మ్యాపు ఇచ్చినప్పుడు నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. అదే మొదటిసారి. చివరిసారి కూడా అదే.

రెండు వారాలకి మ్యాపు పోయిందని తెలిసి, నింద సైలస్ గారి మీద పడింది. చెప్తే నాన్న బీరువా అంతా ఏమవుతుందోననుకున్నాను. తర్వాత చెప్దామనుకున్నాను. తర్వాత ఆయన పోయారని విన్నాను. ఆ వారమే మెల్‌బోర్న్ వచ్చేశాను. నేను ఊరు విడిచింది పని కోసమని అందరికీ చెప్పావు నువ్వు. నేనూ అదే నమ్మడం నేర్చుకున్నాను.

మార్చిలో నీకు రాసిన ఉత్తరం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. ఆ పెద్దాయన మీద రెండోసారి వేశాను ఆ నింద, కాగితం మీద, నా సంతకంతో.

రెండు మాటలు అడుగుతాను. మ్యాపుని పేరు లేకుండా కవర్లో పెట్టి మందిరానికి పంపేద్దాం. చేరాల్సిన చోటికి చేరుతుంది కదా. అది కుదరకపోతే నా ఒక్కడి పేరే చెప్పు. నాన్నకి తెలియదు. ఆయన్ని ఇందులోకి తేకు. ఆయన దగ్గర నాకు మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

ఆంబ్రోస్


హోబార్ట్
ఎనిమిదో నెల 1

నా తమ్ముడూ,

నువ్వు చించకుండా పంపినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

మూడో నెలలో ఇంకొకటి చూశానని రాశాను. మందిరం పుస్తకంలో, మ్యాపు ఊడిన చోట, పై నుంచి కింది దాకా సన్నటి నీలిరంగు గీత ఉంది. ఆ నీలం నాది. ఆ ఏడు నేనే ఇంట్లో రంగు కాచి ఊలు ముంచాను. రంగు నిలవలేదు, ఉతికిన ప్రతిసారీ కారింది. ఆ ఊలుతో అల్లిన స్వెటరు ఇప్పటికీ పెట్టెలో ఉంది. పక్కన పెట్టి చూశాను.

అప్పటి నుంచీ తెలుసు నాకు. చెప్పలేదు. చెప్తే నాకు తెలిసినంత మటుకే ఒప్పుకునేవాడివి. నువ్వే చెప్పాలనుకున్నాను.

నా తప్పు కూడా విను. ఆ ఆదివారం మందిరం నుంచి వచ్చాక నీ నాలుక నీలంగా ఉంది. దారాన్ని బుగ్గన పెట్టుకుని వెళ్ళి ఉంటావు. ఏం తిన్నావురా అన్నాను. మల్బరీ పళ్ళన్నావు. అది ఏడో నెల. కొండ మీద మంచు ఉంది. ఆ చలిలో మల్బరీ ఎక్కడ కాస్తుంది? నవ్వి ఊరుకున్నాను. రెండో ప్రశ్న అడగలేదు. నెల తిరిగేసరికి సైలస్ గారి తాళంచెవి నా చేతికొచ్చింది. సంతోషంగా తీసుకున్నాను.

పేరు లేని కవరు వద్దు. సైలస్ గారి మీద నింద కూడా పేరు లేకుండానే పడింది.

ఇక నాన్న. నీకు కష్టంగా ఉంటుంది. అయినా రాస్తాను.

బీరువాలో ఇరవై తొమ్మిది దినచర్యలున్నాయి. పుటలన్నీ సరిపోయాయని తేలాక నాన్న ప్రతి పుస్తకం చివరి తెల్లకాగితం మీద పెన్సిలుతో ‘సంపూర్ణం’ అని రాసి తేదీ వేసేవాడు. పోయినవారం ఒక్కొక్కటీ తెరిచాను. ఇరవై ఎనిమిదింటిలో ఉంది. ఆర్కెల్‌లో లేదు. నువ్వు మ్యాపు ఇచ్చాక ముప్పై అయిదేళ్ళు బతికాడు. పెన్సిలు ఎప్పుడూ బల్ల మీదే ఉండేది.

ఈగ వాలిన గుర్తు కూడా పట్టే కళ్ళు ఆయనవి. ఆ ముగ్గురిలో ఒకడిగా మందిరం పుస్తకం తెరిచి చూశాడు. మరక చూశాడు. ఇంటికొచ్చి మళ్ళీ చూసి ఉంటాడు. అరవై ఏడులో కార్చిచ్చు మన వీధి దాకా వచ్చిన రోజు, అన్నీ వదిలేసి ఆర్కెల్ ఒక్కటీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. “ఇది కాలకూడదు, హెస్టర్” అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

నాన్న అబద్ధం రాయలేదు. నిజం చెప్పలేదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాడో, బీరువానో, నాకు తెలియదు. నీ భుజం మీద చెయ్యి వేసినప్పటికి ఆయనకి ఇంకా తెలియదు. ఆ చెయ్యి నీదే. దాన్ని ఎవరూ తీసుకోరు.

పదో నెల పదిహేను, ఆదివారం. నీ జిగురు, నీ సామాను తెచ్చుకో. మ్యాపు తీసిన చేత్తోనే అతికించాలి. సభలో నాన్న పేరూ చెప్పాలి, నీ పేరూ చెప్పాలి, నా మల్బరీలు నేను చెప్పుకుంటాను.

అక్క


మెల్‌బోర్న్
తొమ్మిదో నెల 12, 1972

పెద్దక్కా,

పైన తేదీ చూసి నవ్వుకో. చెయ్యి దానంతట అదే రాసింది.

నాన్న సంగతి చదివి రెండు రోజులు దుకాణం తెరవలేదు. మూడో రోజు తెరిచి కిన్నేర్డ్ గారికి ఫోను చేశాను. కేటలాగులో మొదటి అంశం తప్పు, మ్యాపు ఆ పుస్తకానిది కాదు, దాన్ని తీసినవాణ్ణి నేనే అన్నాను. “మిస్టర్ రేనర్, మీరు తాగి ఉన్నారా?” అన్నాడు. నేను తాగనండి, క్వేకర్ల ఇంట్లో పుట్టానన్నాను. “అయితే ఇంకా ఘోరం” అని పెట్టేశాడు. ఆయన గోడ వేరేవాళ్ళకి పోయింది.

కేటలాగు అందుకున్న మూడు వందల మందికీ సవరణ చీటీ పంపాను. అంత నిజం ఒక్క చీటీలో ఎప్పుడూ అచ్చు వేయలేదు. నలుగురు నాతో ఇక వ్యవహారం వద్దని రాశారు. ఒకాయన మాత్రం తన దగ్గరున్న రెండు పాత దినచర్యలు సరిచూసి పెట్టమని పంపాడు. మీరైతే మరక దాచరు అని రాశాడు. దుకాణం జూన్ దాటి నడుస్తూనే ఉంది, కుంటుకుంటూ. ఎన్నాళ్ళో తెలియదు.

పదమూడున ఓడెక్కుతాను. డెవన్‌పోర్ట్ నుంచి బస్సు. జిగురుకి గోధుమపిండి, పలచటి జపాను కాగితం, అతుకు నొక్కే ఎముక చెక్క తెస్తున్నాను. మరక కడగను. అది ఉండాలి.

చేతులు వణకవు, అక్కా. నిలబడి మాట్లాడటమే ఎలాగో తెలియడం లేదు. నోరు పెగలకపోతే ఏం చెయ్యను?

ఆంబ్రోస్


హోబార్ట్
తొమ్మిదో నెల 20

తమ్ముడూ,

నోరు పెగలకపోతే అడుగుతాను. నా పని అదే.

గది సిద్ధంగా ఉంది.

అక్క


హోబార్ట్
పదకొండో నెల 3

తమ్ముడూ,

బస్సు టైమయిందని నువ్వు తొందరగా వెళ్ళిపోయావు. ఆ రోజు సభ రాసుకున్న తీర్మానం నకలు కావాలన్నావు కదా. ఇదీ:

‘1935లో ఈ సభ గ్రంథాలయం మ్యాపు విషయంలో సైలస్ వేక్లిన్‌ను ఏమీ అడగకుండానే తప్పు ఆయనదని ఎంచింది. తప్పు ఆయనది కాదు. మ్యాపు తీసినది తాను అని ఆంబ్రోస్ రేనర్ ఈ రోజు చెప్పారు. తన తండ్రి జోసయా రేనర్ తెలిసీ చెప్పలేదని, అనుమానించవలసి ఉండీ తాను అడగలేదని హెస్టర్ రేనర్ చెప్పారు. సైలస్ వేక్లిన్‌కు, ఆయన కుటుంబానికి ఈ సభ అన్యాయం చేసింది.’

‘క్షమాపణ కోరుతున్నాము’ అని చివర చేర్చబోతే ఏడా వెనక వరుసలోంచి అడ్డుపడింది గుర్తుందిగా. “ఎవరిని కోరుతున్నారు? ఆయన లేడు. జరిగింది రాయండి, చాలు.” అక్కడితో ఆపారు.

నువ్వు వెళ్ళాక జరిగింది ఇది. బుధవారం ఏడా గ్రంథాలయానికి వచ్చింది. ఆర్కెల్ ఇవ్వమంది. మ్యాపు తనే విప్పింది. నీ అతుకు మీద వేలు పెట్టి చూసి, “మీ వాడికి పని బాగానే వచ్చు. దొంగతనం కంటే ఇదే బాగా చేశాడు” అంది. తర్వాత నది వెంబడి ఒక్కో గుడిసె లెక్కపెట్టింది. నలభై రెండే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై మూడోది మరక అంచున ఉంది. వాటిలో ఉన్నవాళ్ళు ఏమయ్యారో పుస్తకంలో ఉందా అని అడిగింది. లేదన్నాను. “అయితే దీన్ని బీరువాలో పెట్టకు. అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టు. ఎవరైనా అడుగుతారు” అంది.

తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను. “నాకెందుకు? నా చెట్లు నువ్వు చూస్తావా?” అంది. మళ్ళీ తనే, “బుధవారాలు వస్తా. మిగతా రోజులు కావాలంటే ఫోను చేసి చావు” అని తీసుకుంది. ఇప్పుడు గ్రంథాలయం తెరవాలంటే ఫ్రాంక్లిన్‌కి ఫోను చేస్తున్నాను. ముప్పై మైళ్ళు. బాగుంది.

నిన్న నాన్న బల్ల దగ్గర కూర్చున్నాను. పెన్సిలు చెక్కాను. మన ఆర్కెల్ చివరి తెల్లకాగితం మీద, ఆయన ఖాళీగా వదిలిన చోట, ‘మ్యాపు లేదు’ అని రాసి, తేదీ వేసి, నా పేరు పెట్టాను.

ఆకులన్నీ మళ్ళీ సరిచూశాను. రెండు పొరల కాగితం చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పోస్టాఫీసులో రసీదు తీసుకున్నాను. జామ్ సీసాలు వేరే పెట్టెలో వస్తాయి.

పుస్తకం పంపాను. ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకో.

అక్క